ఫైలు తెరుచుకుంది... పాఠం తెరుచుకోవాలి

డిగ్రీ సీటు కావాలంటే వెబ్‌సైట్. ఫీజు కట్టాలన్నా, హాల్‌టికెట్ తీసుకోవాలన్నా, ఫలితాలు చూసుకోవాలన్నా వెబ్‌సైట్. నోట్సు పీడీఎఫ్‌లో వస్తోంది, క్లాసు వీడియోలో నడుస్తోంది. మరి తెరను చూడలేని, మౌసు పట్టుకోలేని, మాట వినలేని విద్యార్థుల మాటేమిటి? నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) కాలేజీల్లో ఇప్పుడు గట్టిగా అడగాల్సిన ప్రశ్న ఇది.

2016లో ఆన్‌లైన్ ప్రవేశాల విధానం ‘దోస్త్’ వచ్చాక తెలంగాణలో డిగ్రీ సీటు కోసం కాలేజీల చుట్టూ తిరిగే బాధ తగ్గింది. అమ్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్‌కో, దేవరకొండ నుంచి నల్లగొండకో ప్రతి చిన్న పనికీ బస్సెక్కి రానక్కర్లేదు. నడవడం కష్టమైనవాళ్లకు, తోడు లేనిదే గడప దాటలేనివాళ్లకు ఈ మార్పు అందరికన్నా ఎక్కువ మేలు చేయాలి. అందుకు కావాల్సిన సరంజామా కూడా ఇప్పుడు చేతిలోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లో ఉండే ‘టాక్‌బ్యాక్’ తెర మీద వేలు పెట్టిన చోట ఏముందో తెలుగులో చదివి వినిపిస్తుంది. కంప్యూటర్‌కైతే ‘ఎన్‌వీడీఏ’ అనే స్క్రీన్‌రీడర్ ఉంది. దాన్ని 2006లో ఆస్ట్రేలియాలో మైకేల్ కరన్ మొదలుపెట్టారు, జేమ్స్ తే తోడయ్యారు. ఇద్దరూ చూపులేనివాళ్లే. వాళ్లు తయారుచేసిన ఆ సాఫ్ట్‌వేర్‌ను ఎవరైనా పైసా కట్టకుండా వాడుకోవచ్చు.

పరికరం సిద్ధంగా ఉంది. చదవాలన్న పట్టుదలతో విద్యార్థీ సిద్ధంగా ఉన్నాడు. సిద్ధంగా లేనిది పాఠమే. చాలాచోట్ల నోట్సు, నోటీసు, దరఖాస్తు ఫారం తయారవుతున్న తీరు వల్లే ఈ విద్యార్థి చదువు ఆగిపోతోంది. ఆ తీరు మార్చడానికి కోట్లు అక్కర్లేదు. ఫైలు మొదట తయారయ్యే బల్ల దగ్గర నాలుగు అలవాట్లు మారితే చాలు.

బొమ్మగా మారిన నోటీసు

పరీక్షల టైమ్‌టేబుల్ ఎలా బయటికి వస్తుందో చూడండి. సెక్షన్‌లో ఆపరేటర్ దాన్ని వర్డ్‌లోనో ఎక్సెల్‌లోనో టైప్ చేస్తారు. అప్పటికి అవి నిఖార్సైన అక్షరాలే. ప్రింట్ తీస్తారు. సంతకం పడుతుంది, ముద్ర పడుతుంది. తర్వాత ఆ కాగితాన్ని స్కాన్ చేసో, ఫోన్‌తో ఫొటో తీసో పీడీఎఫ్‌గా మార్చి వెబ్‌సైట్‌లో పెడతారు. కాలేజీల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగేదీ అదే.

కంటితో చూసేవాళ్లకు తేడా తెలియదు. స్క్రీన్‌రీడర్‌కు మాత్రం అందులో ఒక్క అక్షరమూ దొరకదు. దాని లెక్కలో అది ఉత్త ఫొటో. ‘ఖాళీ’ అని చెప్పి ఊరుకుంటుంది. దాంతో మూడో సెమిస్టర్ పరీక్ష ఏ రోజో తెలుసుకోవడానికి ఆ విద్యార్థి ఇంకొకరికి ఫోన్ చేయాలి. అవతలివాళ్లు హడావుడిలో ఒక వరుస కిందిది చదివారంటే ఆ పేపర్ బ్యాక్‌లాగ్ పడినట్టే.

బాధ కలిగించే సంగతి ఏమిటంటే, అక్షరాలున్న అసలు ఫైలు ఆ ఆపరేటర్ కంప్యూటర్‌లో భద్రంగా ఉంటుంది. దాన్నే ‘సేవ్ యాజ్ పీడీఎఫ్’ కొట్టి, సంతకం ఉన్న ప్రతి పక్కన రెండో లింకుగా పెట్టడం అర నిమిషం పని.

హోమ్‌పేజీల దగ్గర ఇబ్బందులు వేరే రకం. పైన కదిలిపోయే వార్తల వరుస, మధ్యలో మెరిసే ‘న్యూ’ బొమ్మలు, కింద ఇరవై చోట్ల ‘క్లిక్ హియర్’ లింకులు. స్క్రీన్‌రీడర్ వాడేవాళ్లు చాలాసార్లు పేజీ మొత్తం వినరు, లింకుల జాబితా తీసి వింటారు. అక్కడ ‘క్లిక్ హియర్... క్లిక్ హియర్... క్లిక్ హియర్’ అని వరసగా వినిపిస్తే ఏది ఫీజుదో, ఏది ఫలితాలదో ఎలా తెలుస్తుంది? ‘బీఏ మూడో సెమిస్టర్ టైమ్‌టేబుల్’ అని లింకు మీదే రాస్తే పని అయిపోతుంది. అన్నీ దాటుకుని లాగిన్ దాకా వస్తే వంకర అక్షరాల క్యాప్చా ఎదురవుతుంది. వినిపించే క్యాప్చా పక్కన లేకపోతే ప్రయాణం అక్కడితో సరి.

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలోని వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల హోమ్‌పేజీలను పరీక్షిస్తుంది. 2025లో వాటిలో 94.8 శాతం పేజీల్లో లోపాలు బయటపడ్డాయి. ఎక్కువగా కనిపించినవి ఏటా ఉండేవే: వెలిసిపోయినట్టుండే అక్షరాలు, వివరణ లేని బొమ్మలు, ఏ గడిలో ఏం నింపాలో చెప్పని ఫారాలు, పేరులేని లింకులు, పేజీ ఏ భాషలో ఉందో కంప్యూటర్‌కు చెప్పకపోవడం. చివరిది తెలుగు పేజీలకు మరీ ముఖ్యం. భాష పేర్కొనకపోతే తెలుగు పేజీని ఇంగ్లిష్ గొంతుతో చదవడానికి తంటాలు పడే స్క్రీన్‌రీడర్లున్నాయి.

అను ఫాంట్ల చిక్కు

తెలుగు మీడియం విద్యార్థికి ఇంకో అడ్డంకి ఉంది. అది మన డీటీపీ సెంటర్లలోనే పుడుతుంది. నల్లగొండ క్లాక్‌టవర్ చుట్టుపక్కలైనా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌లోనైనా తెలుగు టైపింగ్ అంటే పేజ్‌మేకర్, అను ఫాంట్లు. పుస్తకాలు, ప్రశ్నపత్రాలు, గెస్ పేపర్లు, పెళ్లి పత్రికలు అన్నీ ఏళ్ల తరబడి వాటితోనే నడిచాయి. తెలుగు అచ్చుకు అవి చేసిన సేవ చిన్నదేమీ కాదు.

చిక్కంతా వాటి లోపలి ఏర్పాటులో ఉంది. అను వంటి పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలకు సొంత స్థానం లేదు. ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు ఉండాల్సిన స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చోబెట్టారు. ఒక గుణింతం రెండు మూడు ముక్కలుగా ఉంటుంది. తెర మీద చక్కని తెలుగు కనిపిస్తుంది, కంప్యూటర్ మనసులో మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, డాలర్ గుర్తులు, కామాలు కలగలిసిన గందరగోళం ఉంటుంది. స్క్రీన్‌రీడర్ ఆ గందరగోళాన్నే చదువుతుంది. కాకతీయుల చెరువుల గురించి రాసిన పేజీ చెవికి అర్థంలేని రొదగా చేరుతుంది.

స్కాన్ చేసిన నోటీసు కనీసం ‘ఖాళీ’ అని నిజం చెబుతుంది. అను ఫైలు ఏదో ఉన్నట్టే ఉండి ఏమీ ఇవ్వదు. ఆ నష్టం చూపులేనివాళ్లతో ఆగదు. అందులో ‘ముల్కీ’ అని వెతికితే దొరకదు. ఒక పేరా కాపీ చేసి వాట్సాప్‌లో పంపితే చెత్త వెళ్తుంది. అనువాదానికి పనికిరాదు. గూగుల్‌లో వెతికితే కనపడదు. గ్రూప్స్‌కు చదివే అభ్యర్థి దగ్గర వెయ్యి పేజీల పీడీఎఫ్ ఉన్నా, కావాల్సిన పేజీకి వేలితో తోసుకుంటూ వెళ్లాల్సిందే.

దీనికి మందు ఎప్పుడో వచ్చింది. 1991లో తొలి ప్రమాణం వెలువరించిన యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలున్నాయి. యూనికోడ్‌లో టైప్ చేసిన ‘క’ ఏ ఫోన్లోనైనా, ఏ దేశంలోనైనా ‘క’గానే ఉంటుంది. చూడముచ్చటైన యూనికోడ్ తెలుగు ఫాంట్లు ఇప్పుడు ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో ఒకదాని పేరు ‘సురవరం’. ఇటిక్యాలపాడుకు చెందిన పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి పేరే దానికి పెట్టారు. ఆయన పేరుతో ఉన్న అక్షరాలు ఆయన జిల్లా విద్యార్థుల నోట్సులోకి రావడానికి ఖర్చేమీ లేదు, పూనుకునేవాళ్లు కావాలి.

పాత పుస్తకాల కోసం ఓసీఆర్ ఉంది. అచ్చు పేజీ ఫొటోను అక్షరాలుగా మార్చే ఈ విద్య మీద హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో 2001 నాటికే తెలుగు కోసం పరిశోధన జరిగింది. అయితే ఒత్తుల దగ్గర, మసకబారిన అచ్చు దగ్గర అది తడబడుతుంది. ఎవరో ఒకరు కూర్చుని దిద్దాలి. కాబట్టి దాన్ని పాత సంపదను కాపాడుకోవడానికే ఉంచుకోవాలి. రేపు ఉదయం టైప్ చేసే నోట్సుకు ఓసీఆర్ అవసరం రానేకూడదు.

చూపు ఒక్కటే కాదు

అందుబాటు అనగానే చూపులేనివాళ్లే గుర్తొస్తారు. నల్లగొండ మనకు ఇంకో పాఠం చెబుతుంది. మర్రిగూడ, మునుగోడు, నాంపల్లి, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి తరాలకు తరాలు ఎముకలు వంకరపోయాయి. లీటరు తాగునీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఫ్లోరైడ్ ఇక్కడి బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. ఆ బాధకు దేశమంతా గుర్తుపట్టే ముఖంగా నిలిచిన శివన్నగూడెం వాసి అంశాల స్వామి 2023 జనవరిలో కన్నుమూశారు.

ఫ్లోరోసిస్ వల్ల వేళ్లు, మణికట్టు బిగుసుకుపోయిన మనిషి చిన్న గడిలో మౌసు పెట్టి నొక్కలేకపోవచ్చు. ఆ మనిషికి కీబోర్డు మీద ట్యాబ్ మీట ఒక్కటే దారి. ట్యాబ్ నొక్కుకుంటూ వెళ్తే ప్రతి గడీ, ప్రతి బటనూ అందే ఫారం ఆ మనిషికి కాలేజీ గుమ్మం లాంటిదే. మౌసు పెడితేనే తెరుచుకునే మెనూ, రెండు నిమిషాల్లో గడువు ముగిసిపోయే పేజీ ఆ గుమ్మానికి వేసిన తాళాలు.

వినికిడి లేని విద్యార్థికి వీడియో పాఠం కింద తెలుగు అక్షరాలు నడవాలి. డిస్లెక్సియా ఉన్నవాళ్లకు శీర్షికలు, చిన్న పేరాలు, అక్షరాల మధ్య చోటు కావాలి. చూపు తక్కువగా ఉన్నవాళ్లు పెద్దది చేసినప్పుడు పేజీ చెదిరిపోకూడదు. అక్షరం రంగుకూ వెనకున్న రంగుకూ తేడా కనీసం 4.5కు 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతోంది. పసుపు మీద తెల్ల అక్షరాలు వేసిన బ్యానర్లు ఆ పరీక్షలో మొదటి చూపులోనే తప్పుతాయి.

బీఎస్సీ విద్యార్థికి సమీకరణం ఇంకో అడ్డుగోడ. దాన్ని బొమ్మగా అతికిస్తే చెవికి ఏమీ అందదు. చూపులేని కంప్యూటర్ శాస్త్రవేత్త టి.వి. రామన్ 1994లోనే కార్నెల్ విశ్వవిద్యాలయంలో పీహెచ్‌డీ కోసం గణిత గ్రంథాలను వినిపించే వ్యవస్థను రూపొందించారు. సమీకరణాలను బొమ్మలుగా కాకుండా వర్డ్‌లో ఈక్వేషన్ ఎడిటర్‌తో రాస్తే, వాటిని చదివి వినిపించే సాధనాలు ఇప్పుడు ఉచితంగానే ఉన్నాయి.

బొమ్మలకు, పటాలకు పక్కనే మాటల్లో వివరణ చేర్చాలి. భూగోళం నోట్సులో కృష్ణా నది పటం ఉందనుకుందాం. దానికి ‘పటం 3’ అని రాసి వదిలేస్తే ఎవరికీ ఉపయోగం లేదు. ‘కృష్ణా నది నారాయణపేట జిల్లా తంగడి దగ్గర తెలంగాణలో అడుగుపెట్టి, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్ జలాశయాలు దాటి, వాడపల్లి దగ్గర మూసీని కలుపుకుంటుంది’ అని రాస్తే, పటం చూడని విద్యార్థి మనసులో నది మొత్తం పారుతుంది. ఆ వాక్యం రాయగలిగేది పాఠం చెప్పే లెక్చరర్ మాత్రమే. ఆ పటం ఎందుకు పెట్టారో వారికే తెలుసు. సాఫ్ట్‌వేర్ కంపెనీకి తెలియదు.

చట్టం ఏమంటోంది?

వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది, 2017 ఏప్రిల్ 19 నుంచి అమల్లో ఉంది. 21 రకాల వైకల్యాలను అది గుర్తించింది. ప్రభుత్వ, ప్రభుత్వ సాయం పొందే ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించాలని 32వ సెక్షన్ చెబుతోంది. అచ్చు, ఆడియో, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లో ఉన్న సమాచారం అందరికీ అందే రూపంలో ఉండేలా ప్రభుత్వాలు చూడాలని 42వ సెక్షన్ అంటోంది. అంటే వైకల్య ధ్రువపత్రం చూపించి సీటు తెచ్చుకున్న విద్యార్థికి చదవగలిగే పాఠం కూడా హక్కుగానే రావాలి.

2017లో వచ్చిన నిబంధనలు వెబ్‌సైట్లలో పెట్టే పత్రాలు ఈపబ్ లేదా ఓసీఆర్ చేసిన పీడీఎఫ్ రూపంలో ఉండాలన్నాయి. అదే ఏడాది డిసెంబరు 15న డిసేబుల్డ్ రైట్స్ గ్రూప్ కేసులో ఉన్నత విద్యాసంస్థలు చట్టాన్ని పాటించాల్సిందేనని సుప్రీంకోర్టు తేల్చింది. విశ్వవిద్యాలయాలకు అందుబాటు మార్గదర్శకాలను యూజీసీ 2022లో వెలువరించింది. ప్రభుత్వ వెబ్‌సైట్ల మార్గదర్శకాల మూడో కూర్పు 2023లో వచ్చింది. అంతర్జాతీయ ప్రమాణమైన డబ్ల్యూసీఏజీ 2.1 డబుల్ ఎ స్థాయిని అందులో కొలబద్దగా పెట్టారు.

అసలు మలుపు 2024 నవంబరు 8న వచ్చింది. రాజీవ్ రాతూరీ కేసులో సుప్రీంకోర్టు అందుబాటు ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే చెల్లదని, తప్పనిసరి నిబంధనలు రాయాలని చెబుతూ 2017 నిబంధనల్లోని 15(1)ను చట్టానికి విరుద్ధమని ప్రకటించింది. ఈ తీర్పు వెనుక మన హైదరాబాద్ శ్రమ ఉంది. దేశంలో అందుబాటు ఎలా ఉందో పరిశీలించి కోర్టుకు నివేదిక ఇచ్చింది నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలోని వైకల్య అధ్యయన కేంద్రం. తర్వాత 2025 ఏప్రిల్ 30న, యాసిడ్ దాడి బాధితురాలు ప్రజ్ఞా ప్రసూన్, చూపులేని న్యాయవాది అమర్ జైన్ వేసిన పిటిషన్లపై మరో తీర్పు వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమని అందులో కోర్టు చెప్పింది. ఇంకా దీన్ని ‘వీలైతే చేద్దాం’ అనే జాబితాలో ఉంచడానికి ఏ యూనివర్సిటీకీ అవకాశం లేదు.

తీసేయడం జవాబు కాదు

ఇలాంటి ఒత్తిడి వచ్చినప్పుడు సంస్థలు దారి తప్పే ప్రమాదమూ ఉంది. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయం వేల పాఠాల వీడియోలను ఉచితంగా ఇంటర్నెట్‌లో ఉంచింది. వాటి కింద సరైన అక్షరాలు లేవని వినికిడి లేనివాళ్లు ఫిర్యాదు చేశారు. అక్కడి న్యాయశాఖ 2016లో లోపాలు ఎత్తిచూపింది. 2017లో ఆ విశ్వవిద్యాలయం 20 వేలకు పైగా వీడియోలను జనానికి అందకుండా తీసేసింది. పాతవాటిని దిద్దడం మోయలేని ఖర్చని వాదించింది. చివరికి 2022లో ఆన్‌లైన్ పాఠాలను అందుబాటులోకి తెస్తామని న్యాయశాఖతో ఒప్పందానికి వచ్చింది.

అందులో మనకు పనికొచ్చే పాఠం ఒకటుంది. మెట్లు కట్టి, పదేళ్ల తర్వాత వాటిని పగలగొట్టి ర్యాంపు వేయడం ఎంత ఖర్చో, వేల ఫైళ్లు పేర్చుకున్నాక దిద్దడం అంతే ఖర్చు. నల్లగొండలోని మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో, పాలమూరు విశ్వవిద్యాలయం 2008లో పుట్టాయి. ఉస్మానియాలాగా వందేళ్ల దస్తావేజుల భారం వాటి మీద లేదు. మొదటి నుంచీ సరిగ్గా చేసే అవకాశం చిన్న వయసు సంస్థలకే ఎక్కువ.

చదువు ఊరిదాకా నడిచిన నేల

2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి మహబూబ్‌నగర్ అక్షరాస్యత 55 శాతం. అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాల్లో అదే అట్టడుగు. ఇక్కడి డిగ్రీ క్లాసులో కూర్చున్నవాళ్లలో చాలామంది ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లు. తల్లిదండ్రులు వలసపోయిన ఇంట్లో పీడీఎఫ్ చదివి పెట్టే అన్నా అక్కా ఉంటారని అనుకోవడానికి లేదు. ఆ ఇంట్లో బిడ్డకు వైకల్యం కూడా ఉంటే, చదవలేని ఫైలు ఒక్కటి చాలు చదువు మానిపించడానికి.

అదే నేల మీద, నిజాం పాలనలో తెలుగు చదువే కరువైన రోజుల్లో జనం ఏం చేశారో గుర్తుచేసుకోవాలి. నల్లగొండలో 1918లో ఆంధ్ర సరస్వతీ గ్రంథ నిలయం వెలిసింది. షబ్నవీసు వెంకట రామనరసింహారావు 1922లో ‘నీలగిరి’ పత్రిక తెచ్చారు. ప్రతాపరెడ్డి 1926లో ‘గోల్కొండ’ పత్రిక మొదలుపెట్టారు. తెలంగాణలో కవులే లేరన్న మాటకు 354 మంది కవుల సంచికతో 1934లో జవాబిచ్చారు. పుస్తకం మనిషి దగ్గరికి వెళ్లాలన్న పట్టుదల ఆ తరానిది. చదవాలని వచ్చినవాణ్ని వెనక్కి పంపకూడదన్నది వాళ్లు పెట్టుకున్న నియమం. ఆ నియమం డిజిటల్ కాలంలోనూ నిలవాలంటే ఫైలును ఆ చూపుతోనే తయారుచేయాలి.

అలా తయారుచేస్తే ఏం జరుగుతుందో మచిలీపట్నం దగ్గరి సీతారామపురంలో పుట్టిన బొల్లా శ్రీకాంత్ చూపించారు. చూపులేదని ఇంటర్‌లో సైన్స్ గ్రూపు ఇవ్వనంటే కోర్టుకెళ్లి గెలిచారు. పాఠాలను ఆడియోగా రికార్డు చేసి ఇస్తే విని చదివి 98 శాతం మార్కులు తెచ్చుకున్నారు. అమెరికాలోని ఎంఐటీలో చదివి, తిరిగొచ్చి హైదరాబాద్‌లో పరిశ్రమ పెట్టి ఎందరికో పని చూపించారు. తెలివి ఆయనకు మొదటి నుంచీ ఉంది. చేతికి అందిన పాఠం దాన్ని ముందుకు నడిపింది.

ఈ సెమిస్టర్ నుంచే...

• తెలుగులో ఏది టైప్ చేసినా యూనికోడ్‌లోనే చేయాలి. డీటీపీ సెంటర్‌కు ఇచ్చే పనిలోనూ అదే షరతు పెట్టాలి.

• సంతకం చేసిన స్కాన్ కాపీతో పాటు, అక్షరాలున్న పీడీఎఫ్ కూడా వెబ్‌సైట్‌లో పెట్టాలి.

• వర్డ్‌లో అధ్యాయం పేరును పెద్ద అక్షరాలతో వదిలేయకుండా ‘హెడింగ్’ స్టైల్ వాడాలి. స్క్రీన్‌రీడర్‌తో చదివేవాళ్లు ఒక్క మీటతో కావాల్సిన చోటికి వెళ్లగలుగుతారు.

• ప్రతి బొమ్మకు ఒకటి రెండు వాక్యాల వివరణ, ప్రతి లింకుకు అర్థమయ్యే పేరు, ప్రతి వీడియోకు కింద తెలుగు అక్షరాలు ఉండాలి.

• పంపే ముందు వర్డ్‌లోని ‘చెక్ యాక్సెసిబిలిటీ’ ఒకసారి నొక్కాలి. వెబ్‌సైట్‌నైతే మౌసు పక్కన పెట్టి ట్యాబ్ మీటతో మొదటి నుంచి చివరిదాకా వెళ్లి చూడాలి.

• వెబ్‌సైట్ తయారీ టెండరులోనే డబ్ల్యూసీఏజీ ప్రమాణాన్ని షరతుగా రాయాలి. సైటును ఒప్పుకునే ముందు వైకల్యం ఉన్న విద్యార్థులతోనే పరీక్ష చేయించి, ఆ పనికి వాళ్లకు డబ్బు చెల్లించాలి.

• లోపం కనిపిస్తే ఎవరికి చెప్పాలో హోమ్‌పేజీలోనే పేరు, ఫోన్ నంబరుతో ఉండాలి. ఫిర్యాదుల అధికారిని నియమించాలని చట్టంలోనే ఉంది.

పాతవన్నీ ఒక్కసారే మారాలని ఎవరూ అనరు. ముందు పరీక్షల నోటీసులు, ఫారాలు. తర్వాత ఈ ఏడాది సిలబస్‌లో ఉన్న నోట్సు. ఆపైన ఎక్కువమంది అడిగే పుస్తకాలు. అచ్చు పుస్తకాన్ని చూపులేనివాళ్ల కోసం వేరే రూపంలోకి మార్చుకోవడానికి 2012 కాపీరైట్ సవరణ అనుమతిచ్చింది. ఆ హక్కును ప్రపంచమంతటికీ పంచే మర్రకేష్ ఒడంబడికను 2014లో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయమూ ఉంది. తెలుగు డిగ్రీ పుస్తకాలతో దాని అరలు నింపే పని మన కాలేజీలది.

ఇందులో ప్రతి ఒక్కరికీ ఒక వంతు ఉంది. వైస్ ఛాన్సలర్ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. లెక్చరర్ నోట్సు మళ్లీ ఒకసారి తెరవాలి. ఆపరేటర్ ఫాంటు మార్చుకోవాలి. మిగతా విద్యార్థులు తమ తోటివాళ్ల కోసం అడగాలి. వైకల్యం ఉన్న విద్యార్థి చదవగలిగే నోట్సు ఇవ్వండని దరఖాస్తు రాసినప్పుడు అది దయ కోసం వేసిన అర్జీ కాదని, ఫీజు కట్టి సీటు పొందిన మనిషి తన పాఠాన్ని అడుగుతున్నాడని యంత్రాంగం అర్థం చేసుకోవాలి. ఆ దరఖాస్తు వచ్చేదాకా ఆగకుండా ఫైళ్లు సిద్ధంచేసిన కాలేజీయే ఈ జిల్లాలకు గర్వకారణం అవుతుంది.